అపోలో బే రేవులో కొన్న సదరన్ రాక్ లాబ్‌స్టర్: ధరకు తగిన సరుకేనా?

మెల్‌బోర్న్ నుంచి గ్రేట్ ఓషన్ రోడ్ మీదుగా దాదాపు మూడు గంటలు ప్రయాణం చేస్తే అపోలో బే అనే చిన్న ఊరు వస్తుంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఆ ఊరు చూడనివారు తక్కువే అయినా, ప్రధాన వీధిలో స్కాలప్ అనే గుల్ల మాంసం కూరి కాల్చిన ‘పై’ వంటకం తిని, ఒడ్డున ఫొటోలు దిగి, ట్వెల్వ్ అపోసిల్స్ రాళ్ళు చూడటానికి ముందుకు సాగిపోయేవారే ఎక్కువ. ఆ ఊరి చివర ఉన్న రేవులోకి దిగి, పడవవాళ్ళ దగ్గర ప్రాణంతో ఉన్న సదరన్ రాక్ లాబ్‌స్టర్ కొని తెచ్చుకునేవారు మాత్రం నాకు తెలిసి చాలా కొద్దిమంది. గత ఫిబ్రవరిలో మేము అక్కడ రెండు కొన్నాము. ఒకటి 920 గ్రాములు, రెండోది కిలో 140 గ్రాములు తూగాయి. కిలో 98 డాలర్ల లెక్కన రెండింటికీ కలిపి దాదాపు 202 డాలర్లు, అంటే మన రూపాయల్లో పదకొండు వేల పైమాటే. ఒక్క పూట భోజనానికి అంత ఖర్చు పెట్టడం సబబేనా అని ఆ తర్వాత చాలామంది అడిగారు కాబట్టి, కొన్నప్పటి నుంచి వండి తిన్నదాకా గమనించినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా సరుకు గురించి చెప్పాలి. దీని శాస్త్రీయ నామం జేసస్ ఎడ్వర్డ్‌సై. దక్షిణ ఆస్ట్రేలియా, మా విక్టోరియా, టాస్మేనియా రాష్ట్రాల తీరాల్లోనూ, న్యూజిలాండ్ చుట్టూనూ చల్లటి నీటిలోని రాతి దిబ్బల సందుల్లో ఇది బతుకుతుంది. న్యూజిలాండ్‌లో మావోరీలు దీనిని కౌరా అంటారు, అక్కడి కైకౌరా పట్టణం పేరులో ఉన్నది ఈ కౌరానే. ఆ భాషలో కై అంటే తిండి. అమెరికా లాబ్‌స్టర్ బొమ్మల్లో కనిపించే పెద్ద కత్తెర కాళ్ళు దీనికి ఉండవు. వాటికి బదులు ఒంటినిండా ముళ్ళు, శరీరం కంటే పొడవైన రెండు లావుపాటి మీసాలు ఉంటాయి. మన విశాఖ వైపు వలల్లో పడే లాబ్‌స్టర్లకూ కత్తెర కాళ్ళు ఉండవు కానీ, అవి వెచ్చటి నీటిలో పెరిగే పాన్యులిరస్ జాతివి. ఆ జాతి జీవులు మీసాల మొదళ్ళను రాపాడించి కిర్రుమని చప్పుడు చేస్తాయి. జేసస్ జాతికి ఆ అమరిక లేదు. అందుకే రేవులో మాకు అమ్మిన పడవాయన తొట్టిలోంచి పైకి తీసినప్పుడు అది నోరెత్తలేదు, తోకను మాత్రం పొట్ట కిందికి టపటపా కొట్టుకుంది.

ఆ తోక కొట్టుకోవడమే కొనేవారు చూడవలసిన మొదటి గుర్తు. వీపు డొప్పను రెండువైపులా పట్టుకుని పైకెత్తినప్పుడు తోక గట్టిగా లోపలికి ముడుచుకోవాలి, కాళ్ళన్నీ కదలాలి. తోక వేలాడిపోతే ఆ సరుకు ఎంత చవకైనా వద్దు. మీసాలు పట్టుకుని ఎత్తకూడదు, అవి ఇట్టే విరిగిపోతాయి. ఒకటి రెండు కాళ్ళు ఊడినవాటిని కొందరు పడవవాళ్ళు ధర తగ్గించి ఇస్తారు. రుచికి అందువల్ల లోటేమీ ఉండదు కాబట్టి అతిథుల ముందు పళ్ళెంలో అందంగా అమర్చే ఉద్దేశం లేనివారు అవే అడగడం మంచిది. మా రెండింటిలో పెద్దది అలాంటిదే అయినా, ఒక కాలే పోయిందని ఆయన ధర తగ్గించలేదు, నేనూ గట్టిగా అడగలేదు. మరో గుర్తు డొప్ప గట్టితనం. వీపు పక్కన బొటనవేలితో నొక్కితే లోపలికి వంగిందంటే అది ఈమధ్యనే పాత డొప్ప విడిచినదని అర్థం. లోపల మాంసం డొప్ప నిండా ఉండదు, నీరు ఎక్కువగా ఉంటుంది. మీరు డబ్బు పెట్టేది ఆ నీటికి.

ఆడదో మగదో తేల్చుకోవడం పడవాయన మా పెద్దవాడికి చూపించాడు, అది నాకు బాగా నచ్చింది. తిరగేసి పట్టుకుని చివరి జత కాళ్ళ కొసలు చూడమన్నాడు. ఆడదాని ఆ కాళ్ళ చివర చిన్న చిమటాలాంటి కొక్కెం ఉంటుంది, మగదానికి కాలు సూటిగా మొనదేలి ఉంటుంది. పొట్ట కింద రెక్కల్లాంటివి కూడా ఆడదానికి వెడల్పుగా ఉంటాయి, గుడ్లు అంటిపెట్టుకునేది వాటికే. గుడ్లతో ఉన్నదాన్ని ఏ నెలలో పట్టినా తిరిగి నీటిలో వదిలివేయాలన్నది ఇక్కడి చట్టం. విక్టోరియాలో మగవాటికి సెప్టెంబరు 15 నుంచి నవంబరు 15 వరకు, ఆడవాటికి జూన్ 1 నుంచి నవంబరు 15 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆడవాటి నిషేధకాలం గుడ్లు మోసే రోజులను, మగవాటిది డొప్ప మార్చుకుని మెత్తగా ఉండే రోజులను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది. కొలత విషయంలోనూ ఖచ్చితమైన నియమం ఉంది. మీసాల మొదళ్ళ మధ్యనుంచి వీపు డొప్ప వెనక అంచుదాకా మగదైతే 11 సెంటీమీటర్లు, ఆడదైతే 10.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఆయన దగ్గర ఇత్తడి కొలబద్ద ఒకటి తాడుకు కట్టి మెడలో వేలాడుతూ ఉంది. మేము కొన్న చిన్నదాని మీద దాన్ని పెట్టి చూపించినప్పుడు ఒక గోరు మందం మాత్రమే ఎక్కువ వచ్చింది.

ధర ఎందుకింత అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఈ జీవి పెరిగే తీరులోనే ఉంది. భీమవరం చెరువుల్లో వనామి రొయ్య నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది. దీని పిల్ల గుడ్డులోంచి బయటపడ్డాక, ఆకులా పలుచగా, గాజులా పారదర్శకంగా ఉండే రూపంలో ఏడాది నుంచి రెండేళ్ళ దాకా నడిసముద్రంలో తేలుతూ తిరుగుతుంది. సముద్రజీవుల్లో ఇంత దీర్ఘమైన బాల్యం ఉన్నవి అరుదు. అది గడిచి ఒడ్డు పక్క రాళ్ళకు చేరుకున్నాక, చట్టం అనుమతించే కొలతకు రావడానికి మళ్ళీ కొన్నేళ్ళు పడుతుంది. టాస్మేనియా దక్షిణాన చల్లటి నీటిలో పెరుగుదల మరీ నెమ్మది. ఆ దీర్ఘమైన బాల్యం వల్లే రొయ్యల్లా దీనిని చెరువుల్లో పెంచి అమ్మడం సాధ్యపడలేదు. మార్కెట్లో దొరికేదంతా రాళ్ళ మధ్య బుట్టలు వేసి ఒక్కొక్కటిగా పట్టినదే, అదీ ఏడాదికి ఇంత అని ప్రభుత్వం నిర్ణయించిన కోటా లోపలే.

దీనికి తోడు ఎగుమతి గిరాకీ ఉంది. ఇక్కడ పట్టినదానిలో సింహభాగం ప్రాణంతోనే విమానంలో చైనాకు వెళ్ళేది. 2020 నవంబరులో చైనా ఆస్ట్రేలియా లాబ్‌స్టర్ దిగుమతి ఆపివేసినప్పుడు ధరలు ఒక్కసారిగా పడిపోయాయి, ఆ క్రిస్మస్‌కు మామూలు కుటుంబాలు కూడా కొనగలిగాయి. మేము మొదటిసారి రుచి చూసింది అప్పుడే. తీరప్రాంత మత్స్యకార కుటుంబాలకు మాత్రం ఆ నాలుగేళ్ళు చాలా కష్టంగా గడిచాయి. 2024 డిసెంబరులో ఆ నిషేధం తొలగిపోయింది. కాబట్టి పాత చవక ధరలు గుర్తుపెట్టుకుని వెళ్ళేవారు నిరాశపడతారు. కిలో లోపు వాటికే ఎగుమతిదారుల దగ్గర గిరాకీ ఎక్కువని, నిగనిగలాడే ఎరుపు ఉంటే ధర ఇంకా పలుకుతుందని రేవులో ఆయన చెప్పాడు. రంగు లోతును బట్టి వస్తుంది. ఒడ్డుకు దగ్గరగా, తక్కువ లోతులో పెరిగినవి ముదురు ఎరుపుగానూ, లోతు నీటిలోవి పాలిపోయినట్టుగానూ ఉంటాయి. పాలిపోయినవాటిని తక్కువ లోతుకు తెచ్చి వదిలితే, డొప్ప మార్చుకున్న తర్వాత అవి కూడా ఎర్రబడతాయని టాస్మేనియాలో చేసి చూశారు. తినేవారికి రంగుతో నిమిత్తం లేదు.

ఇంటికి తెచ్చుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. మంచినీటిలోగానీ, కరిగిన ఐసు నీటిలోగానీ ఉంచితే ఇది చచ్చిపోతుంది. మాకు రేవులోనే తడి గోనెపట్టలో చుట్టి, అడుగున జెల్ ఐసు ప్యాక్ పెట్టి, థర్మాకోల్ పెట్టెలో సర్ది ఇచ్చారు. మూడు గంటల తర్వాత ఇంట్లో మూత తీసేసరికి రెండూ మీసాలు కదిలిస్తూనే ఉన్నాయి. ఈ ప్యాకింగ్‌కు విడిగా డబ్బు తీసుకోలేదు. రేవులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన విషయం ఇదే.

తర్వాతి పని కష్టమైనది, దాటవేయకుండా చెప్పవలసినది కూడా. విక్టోరియాలో జంతుహింస నిరోధక చట్టం లాబ్‌స్టర్లకూ పీతలకూ కూడా వర్తిస్తుంది. మరిగే నీటిలో ప్రాణంతో పడేయడం తప్పు, దానికి అవసరమూ లేదు. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీటిలో నిండా ఐసు వేసి, దానిలో కనీసం ఇరవై నిమిషాలు ముంచి ఉంచాలని సిఫారసు చేస్తారు. నేను నలభై నిమిషాలు ఉంచాను. పైకి తీసినప్పుడు తోకను చేత్తో చాపితే ఏమాత్రం ఎదురు లాగకూడదు, నోటి దగ్గర తాకినా కదలిక ఉండకూడదు. అప్పుడు మాత్రమే పెద్ద కత్తితో తల నుంచి తోక దాకా నడిమధ్యగా, ఒక్క ఊపున రెండుగా చీల్చాలి. ఈ పని చేయలేమనుకునేవారు రేవు దగ్గరే అప్పటికప్పుడు ఉడికించి అమ్మేవి కొనుక్కోవడం ఉత్తమం. చచ్చినది కొని తెచ్చుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ప్రాణం పోయిన తర్వాత తలలోని జీర్ణరసాలు తోకలోకి పాకి మాంసాన్ని లోపలినుంచే కరిగించడం మొదలుపెడతాయి.

ఆ కరిగిన మాంసం ఎలా ఉంటుందో నాకు స్వానుభవం. రెండేళ్ళ క్రితం నగరంలోని ఒక రెస్టారెంటులో, మెనూలో అంకె లేకుండా మార్కెట్ ధర అని మాత్రమే రాసి ఉన్న లాబ్‌స్టర్ తెప్పించుకున్నాము. చీజు సాసు దట్టంగా పరిచి ఓవెన్లో కాల్చి తెచ్చారు. సాసు పక్కకు తోసి మాంసం నోట్లో పెట్టుకుంటే, నానబెట్టిన అటుకుల్లా పిండి పిండిగా విడిపోయింది. తాజాగా ఉన్నది ఎన్నటికీ అలా విడిపోదు. అడిగితే ఈ రకం ఇలాగే ఉంటుందని సమాధానం ఇచ్చారు. ఆ ఒక్క అనుభవంతో ఈ జీవికే దూరంగా ఉండిపోదామనుకున్నాము, కాబట్టి ఆ సమాధానం ఎంత తప్పో ఇక్కడ రాయడం అవసరమనిపించింది.

ఇక రుచి. చిన్నదాని తోకను నాలుగు విధాలుగా వండి చూశాము. ఒక ముక్క కేవలం ఆవిరి మీద ఉడికించి, కరిగించిన వెన్న, నిమ్మరసంతో తిన్నాము. మాంసం తెల్లగా, గట్టిగా, కొబ్బరి లేతగా ఉన్నప్పుడు పంటి కింద ఎలా తెగుతుందో అలా తెగింది. నమిలేకొద్దీ తీపి ఊరింది. ఇంకొక ముక్కను వెన్నలో కరివేపాకు, దంచిన మిరియాలు వేసి ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పి దించాము. ఇంట్లో అందరి ఓటూ దీనికే పడింది. మూడో ముక్కను గ్రిల్ కింద పెట్టి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచినందుకు అంచులు తాడులా బిగిసిపోయాయి. మాంసం పారదర్శకత పోయి తెల్లబడిన క్షణంలోనే దించేయాలి. నాలుగో ముక్కతో మా అత్తగారు చెప్పిన పద్ధతిలో ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, ధనియాలపొడి, గసగసాలు వేసి ఇగురు చేశాము. ఇగురు అద్భుతంగా కుదిరింది కానీ, కళ్ళు మూసుకుని తింటే అది టైగర్ రొయ్యో లాబ్‌స్టరో చెప్పడం కష్టం. కిలో 98 డాలర్లు పెట్టి కొన్న తీపిని మసాలా పూర్తిగా మింగేసింది. మన వంటకు ఇది లొంగదని నా ఉద్దేశం కాదు, తోకకు మసాలా దండగ అని మాత్రమే.

మన వంట నిలబడేది తలా కాళ్ళ దగ్గర. ఇక్కడివారు చాలామంది తోక తిని తల పారేస్తారు. మా అమ్మ కాకినాడలో రొయ్య తలలు విడిగా దంచి, రసం పిండి చింతచిగురులో వేసేది. ఆ జ్ఞాపకంతో రెండింటి తల డొప్పలూ, కాళ్ళూ సుత్తితో కొంచెం చితక్కొట్టి, నూనెలో ఎర్రగా వేయించి, చింతపండు రసం, పచ్చిమిర్చి, రెండు టమాటాలు, చిటికెడు మెంతిపొడి వేసి పులుసు మరిగించాను. నూనె మీదికి నారింజ రంగులో తేలింది, ఇల్లంతా ఆ వాసన పట్టుకుంది. మర్నాడు ఉదయం చద్దన్నంలో ఆ పులుసు పోసుకున్నప్పుడు మాత్రం నాకు డబ్బు గురించిన ఆలోచనే రాలేదు. ఒక జాగ్రత్త తప్పనిసరి. తల చీల్చినప్పుడు లోపల పసుపుపచ్చగా కనిపించే మెత్తటి పదార్థాన్ని పూర్తిగా తీసి పారేయాలి. అది దాని జీర్ణగ్రంథి. సముద్రంలో విషపు నాచు పెరిగిన కాలంలో ఆ విషం పేరుకునేది ప్రధానంగా అక్కడే, వండినా పోదు. 2012లో టాస్మేనియా తూర్పు తీరంలో అలాంటి నాచు పెరిగి లాబ్‌స్టర్ వేటనే కొంతకాలం ఆపవలసి వచ్చింది. రొయ్య తలలో గుజ్జు ఇష్టంగా తినే అలవాటున్న మనవారు ఇది గుర్తుంచుకోవాలి.

తూకం సంగతి కూడా లెక్కగా చెబుతాను. 920 గ్రాముల దానిలో తోక మాంసం 310 గ్రాములు వచ్చింది, కాళ్ళలోంచి ఓపికగా తీస్తే మరో 60 గ్రాములు. అంటే తినే మాంసం లెక్కన కిలో 240 డాలర్లు దాటింది. తల పారేసేవారికి ఈ ధర గిట్టదనే నా అభిప్రాయం.

పెద్దది కొంటే మాంసం ఎక్కువ వస్తుంది కదా అని ఎవరైనా అనవచ్చు. రెండున్నర కిలోలు, మూడు కిలోల లాబ్‌స్టర్ ఎదురుగా ఉంటే ఫొటో కోసమైనా కొనాలనిపిస్తుంది. నేను వద్దనే చెబుతాను. మాంసం ముదురుగా ఉంటుందన్నది ఒక కారణం, సముద్రానికి అవి కావలసి ఉండటం అంతకంటే పెద్ద కారణం. టాస్మేనియా తూర్పు తీరంలో నీరు వేడెక్కడంతో ఉత్తరాన న్యూ సౌత్ వేల్స్ వైపు ఉండే సీ అర్చిన్ అనే, పొడవాటి ముళ్ళున్న బంతిలాంటి జీవి దక్షిణానికి వ్యాపించింది. అది రాళ్ళ మీది కెల్ప్ నాచును మొదలంటా మేసి, కిందనంతా ఉత్త రాయిగా మిగులుస్తుంది. కెల్ప్ పోతే అబలోనీ అనే సముద్రపు నత్త ఉండదు, చేపపిల్లలకు నీడ ఉండదు, చివరకు లాబ్‌స్టర్‌కూ ఉండదు. ఆ ముళ్ళబంతిని పగలగొట్టి తినగలిగేది డొప్ప పొడవు 14 సెంటీమీటర్లు దాటిన పెద్ద లాబ్‌స్టర్లేనని అక్కడి పరిశోధకులు తేల్చారు. ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని జెయింట్ కెల్ప్ వనాలను 2012లో ప్రభుత్వం ప్రమాదంలో ఉన్న జీవసముదాయంగా ప్రకటించింది. న్యూజిలాండ్‌లో లీ అనే ఊరి దగ్గర 1975లో ఏర్పాటైన సముద్ర సంరక్షణ ప్రాంతంలో వేట ఆగాక, పెద్ద లాబ్‌స్టర్లూ స్నాపర్ చేపలూ పెరిగి, సీ అర్చిన్లు తగ్గి, ఉత్త రాళ్ళ మీద మళ్ళీ కెల్ప్ పెరిగింది. కాబట్టి కిలోకు అటూ ఇటూ ఉన్నవి తీసుకోండి. ముగ్గురికి ఒకటి సరిపోతుంది.

అయిదుకు నేను నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర మార్కు కాలు ఊడినదానికి కూడా పూర్తి ధర తీసుకున్నందుకు. తోక మాంసం తాజాదనంలో గానీ, రేవులో వారు చూపిన ఓపికలో గానీ నాకు లోపం కనిపించలేదు. వెళ్ళాలనుకునేవారు నవంబరు 16 తర్వాత, ముందు రోజు ఫోన్ చేసి బయలుదేరండి. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో పడవలు బుట్టలు తీయడానికి వెళ్ళవు, తొట్టిలో ఉన్న కొద్దిపాటి సరుకు ఉదయం పది గంటలకే అయిపోతుంది. సొంత థర్మాకోల్ పెట్టె, ఒక గోనెసంచి కారులో వేసుకుని వెళితే ఇంకా మంచిది.